ఎడమ పక్క తలుపులు

ఇంకా రెండు జానల అతుకు మిగిలింది. లక్ష్మణ్ మోకాళ్ల మీద కూర్చుని, నల్లద్దం ముసుగు మొహం మీదికి దించుకుని, ఫియట్ కారు ఎడమ పక్క తలుపుల కింద వచ్చే కొత్త గడపను కింది రేకుకు కలిపి నీలి మంటతో కుట్టుకుంటూ పోతున్నాడు, జిర్రుమని ఒక వేలెడు, ఊపిరి తీసుకునేంత సేపు ఆగి మళ్లీ జిర్రుమని ఒక వేలెడు. షెడ్డు వాకిట్లో పాత లారీ టైరు మీద కూర్చున్న రాజం ఒళ్లో అదే కారు ముందు తలుపు ఉంది, పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టుకున్నట్టు. లోపలి నుంచి ఎడమ చేత్తో ఇనుప దిమ్మె ఆనించి పైనుంచి సుత్తెతో టిక్కుటిక్కుమని తడుతున్నాడు. నిజానికి తట్టాల్సిందేమీ లేదు, తలుపు నిన్ననే అయిపోయింది. చేతులకు పని కావాలి, కండ్లకు సాకు కావాలి, అంతే. మంటను నేరుగా చూస్తే కండ్లు పోతాయి గనుక అతను మంటను చూడడు, ఆ వెలుగు షెడ్డు పైరేకు మీద ఎంత దూరం నడిచిందో చూస్తాడు. రెండు జానలు. మంచిర్యాల స్టేషన్ వైపు బొగ్గు బండి ఒకటి కూత వేసుకుంటూ పోతోంది, అది గోదావరి బ్రిడ్జి దాటేలోపు అందులో ఒక జాన అయిపోతుంది. ఒక్క మాట చాలు. ఆగు అంటే చాలు. అతుకు పూర్తయ్యేదాకా కారును సరిచేసే దారి ఉంది, అక్కడక్కడ చుక్కల్లా అతికిన టాకాలు కోసేసి, వేసినంత కుట్టు విప్పి, నడిమి కంబం కింద జాకీ పెట్టి చిటికెన వేలంత మందం పైకి లేపితే నడుము మళ్లీ నిలబడుతుంది. రెండు కొసలూ కలిశాయా, ఇక వంగిన బండి వంగినట్టే గట్టిపడిపోతుంది. ఆ సంగతి ఈ షెడ్డులో ఒక్కడికే తెలుసు, ఆ ఒక్కడు సుత్తె ఆడిస్తున్నాడు.

ఆ కారు పుట్టి అరవై ఏండ్లు దాటింది. ముందు తలుపూ వెనక తలుపూ రెండూ నడిమి కంబానికే కబ్జాలతో, మడత బందులతో వేలాడతాయి, తెరిస్తే ఒకటి వెనక్కి ఒకటి ముందుకి, కావిడి మోసేవాడి రెండు కుండల మాదిరి. అందుకే ఆ కంబం వెంట్రుకంత దిగినా రెండు తలుపులూ ఏడుస్తాయి. ఖానాపూర్ అవతల ఒక కొట్టంలో ఇరవై ఏండ్లు కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి అందులో. కుడి పక్క గోడ వారన పొడిగా ఉండి బతికింది. ఎడమ పక్క పశువుల ఉచ్చ పారే కాలువ మీద నిలబడి గడప మొత్తం జల్లెడైంది, వేలు పెడితే వేలు దిగింది. కరీంనగర్ గ్రానైటు వ్యాపారి సుధాకర్ దాన్ని లారీ మీద వేయించుకుని తెచ్చినప్పుడు సీటు కింద ఇంకా కోడి ఈకలున్నాయి. షార్జాలో ఏడేండ్లు బాడీషాపులో చేసివచ్చిన లక్ష్మణ్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, సార్, నలభై దినాలు అన్నాడు. చెప్పినట్టే చేశాడు కూడా, తప్పు లేకుండా కాదు. ముందుగాల తలుపులు నాలుగూ విప్పేశాడు. ఆ తర్వాత పక్క హోటల్ దగ్గరున్న పదిమందిని పిలిచి బండిని టైర్ల మీదికి పక్కకు పండబెట్టించాడు. ఆ తర్వాత గడపను కోసి, బండిని మళ్లీ లేపి ముందూ వెనకా డ్రమ్ముల మీద నిలబెట్టించాడు. షార్జాలో బండికి కొలతల చట్రం ఉంటుంది, నాలుగు మూలలా పట్టుకుని కదలనివ్వదు, ఏది ముందు విప్పినా ఏది ముందు కోసినా నడుస్తుంది. ఇక్కడ చట్రమంటే తలుపులే. తలుపులు మూసి, తాళ్లతో బిగించి, సందులకు అడ్డంగా ఇనుప యాంగిల్ పట్టీలు టాకా వేశాకే ఈ ప్రాంతంలో రేకు పని చేసే డెంటర్ ఎవడైనా బండిని పండబెడతాడు. అది ఎవరూ నేర్పరు, ఎవరూ మరిచిపోరు. ఏడేండ్లు లేని మనిషి మరిచిపోయాడు.

మరిచిపోయిన రోజు రాజం నోరు తెరిచాడు. అది అతనికి ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది, ఎందుకంటే అతను నోరు తెరిచే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. గా తలుపులు, అన్నాడు, అంతవరకే అన్నాడు. లక్ష్మణ్ పానా చేతిలో పట్టుకుని, పక్కన సుధాకర్ నిలబడి ఉండగా, "మామా, నువ్వు జర నోరు వెట్టకు. గిది లారీ క్యాబిన్ కాదు" అన్నాడు. ఆపైన సుధాకర్ వైపు తిరిగి, "పాతకాలం మనిషి సార్, కాల్చుడు కొట్టుడు తప్ప ఇంకోటి ఎర్కలేదు" అని నవ్వాడు. సుధాకర్ నవ్వాడు. అది పోనీ, పైసలున్నోళ్లు ఊరికే నవ్వుతారు. చాయ్ గ్లాసులు పట్టుకుని అప్పుడే వచ్చిన నవత నవ్వింది. తన బిడ్డ. గట్టిగా కూడా కాదు, మొగుడు నవ్వాడు గనుక పెదవి ఒక పక్కకు లాగింది, అంతే, ఆ లాగుడు రాజానికి రేకు మీద పడ్డ గీతలాగ ఉండిపోయింది, ఎంత రుద్దినా పోని గీత. లక్ష్మణ్ పరాయివాడేం కాదు, అక్క సత్తమ్మ కొడుకే, ఇప్పుడు అల్లుడు, ఈ షెడ్డులోనే సుత్తె పట్టడం నేర్చినవాడు, అతను వచ్చిన నెలకు షెడ్డు బోర్డు మీద మామ పేరు పోయి అల్లుడి పేరు వచ్చినప్పుడు కూడా రాజం ఏమీ అనలేదు. నోరు పెట్టకు అన్నాడు కదా. సరే. ఆ పూటనుంచి పెట్టలేదు. చెప్పినమాట విన్నాడు, అంతకంటే మామ ఏం చేయాలి? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కడుపులో చల్లగా ఏదో పాకేది, మండుటెండలో కుండనీళ్లు తాగినట్టు.

ఒకటిన్నర జాన. వెలుగు ఆగింది, లక్ష్మణ్ తీగ సరిచేసుకుంటున్నాడు, మళ్లీ జిర్రుమంది. ఎవరూ చూడని ఒక తెల్లవారుజామున, బండి ఇంకా కోయకముందు, రాజం తలుపులు పట్టే ఖాళీలను మూలనుంచి మూలకు దారంతో కొలిచి ముడులు వేసుకున్నాడు, ఎవరూ అడగకుండానే, ఊపిరి పీల్చినట్టే చేసే పని అది. మొన్న పొద్దున మళ్లీ అదే దారం పట్టి చూశాడు. ముడి మూలకు అందలేదు. చిటికెన వేలంత తేడా. బండి ముందూ వెనకా డ్రమ్ముల మీద ఉంది, నడుమ కింద ఏమీ లేదు, కంబం తన బరువుకు తానే దిగిపోయింది, నిద్రలో తల వాలినట్టు. దారం లేకున్నా తెలుస్తుంది, తలుపుల పైన వాననీటి కాలువ గీత చూస్తే చాలు, వెలుగు దాని మీద తిన్నగా పోకుండా నడుమ దగ్గర తూలుతుంది. అతను ఆ దారాన్ని వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టి, చివరికి నీళ్లు కాగే పొయ్యిలో వేశాడు. ఎందుకు వేశాడో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు సుత్తె ఆడుతుంటే ఆలోచన వస్తోంది, చెప్పాలనుకున్నవాడు దారం కాలుస్తాడా? ఇచ్చోడ రోడ్డు మీద అంబదాస్ సేట్ షెడ్డులో తను ఇరవై ఏండ్ల వయసులో పనికి కుదిరితే, ఆ మరాఠీ ముసలాయన కూడా ఇట్లాగే కూర్చునేవాడు, లారీ టైరు మీద, బీడీ కొసను పళ్లతో నములుకుంటూ. రాజం పొద్దంతా ఒక లారీ తలుపును తలకిందులుగా కబ్జాలకు బిగిస్తుంటే ఆయన చూశాడు, చూస్తూనే ఉన్నాడు, మధ్యలో అన్నం తిని వచ్చి మళ్లీ చూశాడు. సాయంత్రం చివరి టాకాకు మంట దగ్గర పెట్టినప్పుడు లేచి వచ్చి మెడ మీద ఒక్కటిచ్చి, "అరే బాబా, చెప్తే పని వస్తదా? సిగ్గు పోతేనే వస్తది" అన్నాడు. అది గురువు పద్ధతి. కానీ చివరి టాకా దగ్గర లేచి వచ్చాడు ఆయన. ఎన్నిసార్లైనా, ఎంత కోపం ఉన్నా, చివరి టాకా దగ్గర లేచి వచ్చేవాడు. రాజం కాళ్లు టైరు మీదనుంచి దిగడం లేదు. పొద్దెక్కినకొద్దీ టైరు రబ్బరు వేడెక్కి తొడలకు అంటుకుంటోంది.

తిట్టరాదు, కొట్టరాదు, గీ ఊకుండుడేందయ్యా, అని ఏడ్చింది పెండ్లాం లస్మవ్వ ఒకప్పుడు. అంబదాస్ ఇచ్చిన సుత్తెను ఇంటి కప్పు వేయవచ్చినవాడు అడిగిందే తడవు ఆమె ఇచ్చేసింది, వాడు దానితో మేకులు కొట్టి సుత్తె ముఖమంతా గుంటలు చేశాడు. రాజం ఆమెతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, నీళ్లు పెడితే తాగాడు. ఆమె గిన్నెలతో మాట్లాడేది, కోళ్లతో మాట్లాడేది, ఉప్పు ఎక్కువైందేమో ఓ కోడీ అనేది, అతనికి వినబడాలని. వినబడేది. ఒక్కోసారి నవ్వు కూడా వచ్చేది, దాన్ని పళ్ల కింద నొక్కేవాడు, ఎనిమిది నెలల చివర ఆమె అతని కాళ్ల దగ్గర కూలబడిన రోజు కలిగిన ఆ సుఖం ఆమెతో కాపురం మొత్తంలో ఇంకెప్పుడూ కలగలేదు. ఆమె పోయి ఆరేండ్లు. ఆసుపత్రిలో చివరి పూట కూడా ఆమె కండ్లు అతని నోటి వైపే ఉన్నాయి. ఏమైనా అంటాడేమోనని. మాట దొరకలేదు, ఆ రోజు మాత్రం నిజంగానే దొరకలేదు, కానీ అది ఎవరు నమ్ముతారు?

ఒక జాన. షెడ్డు వెనక సందులోంచి నవత టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది, కొంగు తలమీద ఎండకు కప్పుకుని. మొగుడి ముసుగు వైపు ఒకసారి, మంట తగలకుండా చేయి అడ్డం పెట్టుకుని చూసి, తండ్రి పక్కన చతికిలబడింది. ఆమెకూ అతని గుణమే కొంత వచ్చింది, మాట కంటే ముందు గోళ్లతో నేల గీకుతుంది. ఆ తర్వాత అంది, నేలనే చూస్తూ:

"సుధాకర్ సార్ బయలెల్లిండట, ధర్మపురి దాటిండట. గీ బండి నచ్చితే ఇంకో మూడున్నయట బాపూ, అవి గూడ మనకాడికే పంపుతడట."

రాజం తలుపు అంచు మీద బొటనవేలు నడిపించాడు.

"నచ్చకపోతే నీ అల్లుడు ఇరవై తారీఖుకు మళ్ల షార్జాకు ఎల్లిపోతనంటుండు. వీసా ఇంకా ఉన్నదట. చిన్నది అలేఖ్య గిప్పుడిప్పుడే నాన్న అంటుంది. నిన్నటిదాంక అంకుల్ అన్నది." ఆగింది. "బాపూ, నువ్వు చూస్తనే ఉన్నవ్ గదా. అంతా మంచిగనే ఉన్నదా?"

అప్పుడు చెప్పొచ్చు. అల్లుడితో కాదు, సుధాకర్‌తో కాదు, బిడ్డతో, చెవిలో, గడప ఆపుమనవే అంటే చాలు, ఆమె పరుగెత్తి పోయి కరెంటు తీగ పీకేస్తుంది. ఆమె మొహం ఎండకు కమిలి ఉంది, పెదవి ఎండి పగిలి ఉంది, అదే పెదవి. ఒక పక్కకు లాగిన పెదవి. ఏడేండ్లు ఫోన్లో మొగుడితో మాట్లాడుతూ ఈ షెడ్డు మూలన కూర్చుని, మా బాపుకు ఏం తెల్వది నువ్వొచ్చి చూసుకో అన్న పెదవి, అతనికి వినబడదనుకుంది, వినబడింది, సుత్తె చప్పుళ్లో పెరిగినవాడికి గుసగుసలే బాగా వినబడతాయి. లక్ష్మణ్ పోతే ఈమె మళ్లీ ఆ మూలనే కూర్చుంటుంది. బోర్డు మీద పేరు మళ్లీ మారుతుంది. అలేఖ్య తాతా అంటుంది, అంకుల్ అనే మనిషి ఫోన్లో ఉంటాడు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి రాలేదు, అన్నీ ఒకేసారి వచ్చాయి, రేకు మీద సుత్తె పడితే రేకంతా మోగినట్టు.

"మంచిగనే ఉన్నది" అన్నాడు.

నలభై రోజుల తర్వాత అతని గొంతు అతనికే కొత్తగా వినబడింది. నవత మొహం విప్పారింది. విప్పారిన ఆ మొహాన్ని అతను చూడగలిగాడు, కండ్లు తిప్పుకోకుండా, పూర్తిగా. లక్ష్మణ్ ముసుగు ఎత్తి చెమట తుడుచుకుంటూ అప్పుడే ఇటు చూశాడు, మొహమంతా మసి, కండ్ల చుట్టూ తెల్లటి వలయాలు. "మామా, గడప లైను సక్కగనే కొడుతుంది గదా?" అన్నాడు. నిజంగానే అడిగాడు. అందులో ఎకసెక్కెం లేదు, షార్జా లేదు, పద్దెనిమిదేండ్ల కింద ఇదే చోట సుత్తె పట్టినప్పటి గొంతు అది. నాలుగు వేళ్ల అతుకు మిగిలింది. రాజం నోటి నిండా ఉమ్మి ఊరింది, నాలుక కదిలింది కూడా. "నాకేం ఎర్క" అన్నాడు. "నీది షార్జా పని." లక్ష్మణ్ నవ్వి, "మామకు ఇంకా కోపం పోలే నవతా" అని ముసుగు దించుకున్నాడు. నాలుగు వేళ్లు, మూడు, రెండు. వెలుగు పైరేకు మీద ఆఖరి మేకు దాకా నడిచి ఆరిపోయింది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో వేడి ఇనుము చల్లబడుతూ టిక్ టిక్‌మంది, ఆ చప్పుడు రాజం సుత్తెది కాదు. అతని సుత్తె ఎప్పుడు ఆగిందో అతనికే తెలియలేదు.

సుధాకర్ వచ్చేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. బండిని డ్రమ్ముల మీదనుంచి చక్రాల మీదికి దించారు, కుడి పక్క తలుపులు ముందే బిగించి ఉన్నాయి, లక్ష్మణ్ వాటిని తీసి మూసి చూపించాడు, ధడ్ కాదు, టప్‌మని, పాత ఫియట్ తలుపు పడాల్సినట్టే పడ్డాయి. అగ్గిపుల్ల పట్టేంత సందు, పైనుంచి కిందిదాకా ఒక్కటే సందు. రాజం చేతి పని అది, నాలుగు తలుపులూ అతనివే, బండిలో చెయ్యి పెట్టనివ్వలేదు గనుక తలుపులు ఇచ్చారు. తొమ్మిది రోజులు ఒక్కో దానికి. తుప్పు తిన్నచోట రేకు కోసి కొత్త రేకు అతికి, ఉబ్బినచోట ఎర్రగా కాల్చి తడిగుడ్డ అద్ది కుదించి, ఎక్కడా పుట్టీ పట్టించకుండా, వేలు నడిపితే అతుకు దొరకకుండా. సుధాకర్ ఆ తలుపు మీద అరచేయి పెట్టి, "వా" అన్నాడు. ఎవరి పని అని అడగలేదు. ఆ తర్వాత ఎడమ పక్కకు వచ్చారు. రాజమే ఒళ్లోని తలుపును మోసుకొచ్చి ఇచ్చాడు. లక్ష్మణ్ కబ్జాలు ఎక్కించి, నట్లు బిగించి, మెల్లగా తోశాడు. తలుపు పోయింది, పోయింది, ఇంకా బెత్తెడు ఉండగా కింది ముందరి మూల గడపకు కొట్టుకుని క్రీచుమంది. పైన సందు బొటనవేలు దూరేంత తెరుచుకుంది. మళ్లీ తోశాడు. మళ్లీ క్రీచుమంది. అప్పుడు లక్ష్మణ్ మెడ వెనక చెమట ధార చూస్తూ రాజం తన జీవితంలో రెండోసారి ఆ సుఖాన్ని ఎరిగాడు, లస్మవ్వ కూలబడిన రోజు ఎరిగినదాన్ని, అది అరికాళ్లనుంచి మొదలై మోకాళ్లదాకా వచ్చింది.

"ఏమైంది లక్ష్మణ్, పడ్తలేదా?"

"పడ్తది సార్, ఒక్క నిమిషం."

లక్ష్మణ్ గొంతుక్కూర్చున్నాడు. ఒక కన్ను మూసి గడప వెంట చూశాడు. కంబం మొదట్లో వేలు పెట్టాడు. తల ఎత్తి వాననీటి గీత చూశాడు, చూసి అక్కడే ఆగిపోయాడు, చాలాసేపు. తెలిసింది. సుత్తె పట్టడం ఈ షెడ్డులో నేర్చినవాడే కదా, తెలియక ఎక్కడికి పోతుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల తిప్పి చూశాడు, సుధాకర్ వైపు కాదు, రాజం వైపు. ఆ చూపులో ముందు ప్రశ్న ఉంది, ఆ తర్వాత నలభై రోజులున్నాయి, టైరు ఉంది, నీది షార్జా పని అన్న మాట ఉంది. అన్నీ ఒక్కొక్కటిగా సరిపోల్చుకుని, మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ లేచాడు.

"బాడీ సక్కగనే ఉన్నది సార్. తలుపులల్ల తేడా వచ్చింది. తలుపులు మామ చేసిండు."

సుధాకర్ రాజాన్ని చూశాడు, మొదటిసారి చూసినట్టు. రాజం నోట్లో మాట సిద్ధంగానే ఉంది, కుడి పక్క తలుపులు చూడు సార్, అవి చేసింది ఎవరు, బాడీ వంగింది, నడిమి కంబం దిగింది. ఆ మాట బయటికొస్తే దాని వెనకే ఇంకో మాట వస్తుంది, ఎప్పుడు చూసినవ్ అని, ఎవరైనా అడుగుతారు, అడగకపోయినా బిడ్డ ముందే నిలబడి ఉంది. మొన్న అనాలా? గంట కింద అనాలా? అతను నవత వైపు చూశాడు. ఆమె మొగుణ్ని చూసింది, గడపను చూసింది, తండ్రిని చూసింది, వాననీటి గీత దగ్గర ఈగ వాలితే కూడా కనిపెట్టే తండ్రిని. పెదవి వణకలేదు.

"బాపుకు కండ్లు ఆనుతలేవు సార్" అంది. "చెయ్యకు బాపూ, అంటే ఇనలే."

"పోనీ తియ్" అన్నాడు సుధాకర్, జాలిగా. "పెద్దమనిషి, కష్టపడ్డడు. కోసి సరిచేయరాదా?"

"గంట పని సార్."

"చెయ్. మిగిలిన మూడు బండ్లకు మాత్రం తలుపులు గూడ నువ్వే చూసుకో."

తలుపు విప్పి ఇనుప బల్ల మీద పెట్టారు. లక్ష్మణ్ సుద్దముక్కతో కింది ముందరి మూలన ఏటవాలు గీత గీశాడు, వంగిన గడప ఎంత వంగిందో అంతే గీత, కొలత తప్పలేదు. గ్రైండరు తీగ పెట్టి మీట నొక్కి, రొదలో వినబడేలా గట్టిగా, "మామా, జర కదలకుంట పట్టుకో" అన్నాడు. రాజం పట్టుకున్నాడు. ఆ మూల అతను మూడు రోజులు తట్టిన వంపు. రాయి రేకును తాకగానే తలుపు అంతా ఒక్కసారి వణికి అతని అరచేతుల్లోకి, మోచేతుల్లోకి, పళ్లలోకి ఎక్కింది, నిప్పురవ్వలు ముంజేతి వెంట్రుకలను కాల్చుకుంటూ పడ్డాయి, అతను చేతులు తీయలేదు. నవత డబ్బా సర్దుకుని సుధాకర్‌కు కుర్చీ నీడలోకి జరుపుతోంది. కోసిన ముక్క, నెలవంకంత రేకు, రాజం చెప్పుల దగ్గర పడి మసిబారింది. లక్ష్మణ్ తలుపును కబ్జాలకు ఎక్కించి తోశాడు. పడింది. సందు వంకరగానే ఉంది, కానీ పడింది, సుధాకర్ తల ఊపాడు.

"వెనకది గూడ తే మామా" అన్నాడు లక్ష్మణ్.

రాజం షెడ్డులోకి నడిచాడు. గోడకు ఆనించి, గీతలు పడకుండా గోనె కప్పి ఉంది అది. గోనె తీసి మడతపెట్టి పక్కన పెట్టాడు. తలుపును రెండు చేతులా ఎత్తుకుని, అంచు దేనికీ తగలకుండా, వాకిట్లోకి తెచ్చి బల్ల మీద పెట్టాడు.